పోపు పెట్టని చుక్కకూర పప్పు

వెల్లుల్లి పోపు వాసన తగిలి ఏడ్చిన మనిషిని ఈ గుణదల మొత్తానికి నేనొక్కదాన్నే అయ్యుంటాను. అదీ ఎవరింటి పోపని! పైవాటాలో అద్దెకుండే అమ్మాయిది. ఆ గిన్నె ఎవరి కంచం దగ్గరికి వెళుతోందో నాకు తెలుసు కాబట్టే ఏడ్చాను. పుస్తకాల్లో దీన్ని అసూయ అని మర్యాదగా రాస్తారు. కుళ్ళు అంటేనే నాకు సరిగ్గా సరిపోతుంది. కడుపులోంచి గొంతుదాకా వచ్చే కుళ్ళు.

ఆ కంచం మా వదినది. వదిన అంటే మా అన్నయ్య భార్య కాదు, ఎదురువాటా ఆవిడ. మాది పాతకాలపు డాబా. కింద ఎదురెదురుగా రెండు వాటాలు, మధ్యలో నడవ, వెనక ఇద్దరికీ కలిపి ఒకే దొడ్డి, దొడ్లో ఒకే కుళాయి. ఒక వాటా మేము కొనుక్కున్నాం, రెండోది వాళ్ళు కొనుక్కున్నారు. ముప్పై ఏళ్ళయింది. ఆవిడ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది, నేను బళ్ళో తెలుగు పంతులమ్మగా చేసి రిటైరయ్యాను. వాళ్ళు క్రైస్తవులు. కొండమీద చర్చి గంట వినపడితే వదిన చేతిలో చీపురున్నా ఆపేసి శిలువ గుర్తు వేసుకుంటుంది. మాది శనివారం ఒంటిపూట భోజనం ఇల్లు. దిగిన మొదటిరోజే ఆవిడ గుమ్మంలోకొచ్చి, "వదినా, కాస్త పంచదార ఉంటే పెడతారా" అంది. నేనూ వదినా అనేశాను. ఎవరు ఎవరికి వదినో ఇద్దరం ఎప్పుడూ తేల్చుకోలేదు.

ఆ ఏడాదే నాకు ఐదో నెలలో కడుపు పోయింది. మా అమ్మకి కబురంది, చల్లపల్లి దగ్గర పల్లెటూరి నుంచి వచ్చేసరికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ వదిన డ్యూటీకి సెలవు పెట్టి నా మంచం పక్కనే కూర్చుంది. నా బట్టలు ఉతికింది, నా జడ విప్పి దువ్వింది. "దేవుడున్నాడు, మళ్ళీ పుడతారు" లాంటి మాట ఒక్కటి అనలేదు. నేను లేచి తిరగడం మొదలుపెట్టాక ఆవిడకి ఏదైనా చేసి పెట్టాలనిపించింది. ఇంట్లో రెండు కట్టలు చుక్కకూర ఉంది. పప్పు చేసి పట్టుకెళ్ళాను. ఆవిడ డ్యూటీ నుంచి వచ్చి చెప్పులైనా సరిగ్గా విప్పకుండా తిని, "ఇదెట్టా చేశావే?" అంది. అప్పటిదాకా మీరు మీరు అనుకునేవాళ్ళం. ఆ పప్పు దగ్గరే నువ్వులోకి దిగాం.

అప్పటినుంచీ ఆవిడకి ఏ కష్టం వచ్చినా నేను చుక్కకూర పప్పు చేసేదాన్ని. హెడ్ నర్సుతో గొడవైన రోజు, గర్భసంచి ఆపరేషన్ చేయించుకున్న వారం, కూతురు పెళ్ళయి హైదరాబాదు వెళ్ళిపోయిన సాయంత్రం. వదినకి వంట అంతంతమాత్రం. సిరంజిలో మందు చుక్క తేడా రాకుండా ఎక్కించే చెయ్యి, కూరలో ఉప్పు మాత్రం ఎప్పుడూ సరిగ్గా వెయ్యలేదు. నేనెప్పుడూ వెక్కిరించేదాన్ని. "నాకు రాకపోతే ఏంటంట? నువ్వున్నావుగా" అనేది. ఆ "నువ్వున్నావుగా" అనే మాట కోసం నేనెన్ని కట్టల కూర వలిచి ఉంటానో.

చుక్కకూర పప్పులో అంత గొప్ప ఏముందని ఎవరైనా అడగొచ్చు. ఉంది. కందిపప్పు దోరగా వేయించి, కడిగి, పచ్చిమిరపకాయలు చీల్చి, ఉల్లిపాయ పెద్ద ముక్కలుగా వేసి, పసుపు వేసి మెత్తగా ఉడకనివ్వాలి. కూర ముందే వేస్తే ఆ పులుపుకి పప్పు పలుకు పలుకుగా ఉండిపోతుంది, చచ్చినా ఉడకదు. అందుకని ఆకు విడిగా మగ్గించుకోవాలి. లేత కాడలు పారెయ్యకూడదు, పులుపంతా అందులోనే ఉంటుంది. రెండూ కలిపి పప్పుగుత్తితో మెదిపాక పోపు. అసలు వంట అక్కడే మొదలవుతుంది. ఆవాలు, జీలకర్ర, మినప్పప్పు, ఎండుమిరపకాయలు, ఇంగువ, కరివేపాకు, చితక్కొట్టిన వెల్లుల్లి పది పన్నెండు రెబ్బలు. వెల్లుల్లి అంచులు ఎర్రబడేదాకా ఆగాలి, పోపు పప్పులో పడగానే చప్పున మూత పెట్టెయ్యాలి. వేడన్నం, నెయ్యి, పక్కన ఒక ఊరమిరపకాయ. వదిన వెల్లుల్లి రెబ్బలన్నీ ఏరి తన కంచంలో వేసుకునేది. అన్నయ్యగారు, అంటే వాళ్ళాయన, "మాకూ కాసిని వదలవే తల్లీ" అని బతిమాలేవాడు.

పైవాటాలోకి ఆ అమ్మాయి దిగి ఏడాదిన్నర అవుతోంది. కొల్లేరు వైపు చేపలు పట్టే కుటుంబం. మొగుడు హనుమాన్ జంక్షన్ దగ్గర చేపల లోడ్లు ఎక్కించే వ్యాపారం చేస్తాడు. ముప్పై ఏళ్ళుంటాయేమో. నవ్వితే మూడిళ్ళకీ వినపడుతుంది. వచ్చిన వారంలోనే వదినని "అమ్మా" అని పిలవడం మొదలుపెట్టింది. నన్ను మాత్రం "ఆంటీగారూ" అంటుంది. చూశారా తేడా! ఒకరు అమ్మ, ఒకరు ఆంటీగారు. నేనేం పాపం చేశాను? సరే, నా మొహంలోనే ఏదో ఉంటుంది, ముప్పై రెండేళ్ళు బెత్తం పట్టుకున్న మొహం కదా.

వాళ్ళూరి నుంచి కొరమీనులొస్తే ముందు వదినకే. వదినకి బీపీ ఎక్కువైందని తెలిస్తే రెండేసి మెట్లు దిగుతూ వచ్చేసేది. ఇదంతా చూస్తూ నేను ఊరుకునేదాన్ని. ఊరుకునేదాన్నంటే పైకి. లోపల మాత్రం, "నువ్వు పుట్టకముందు నుంచీ ఆవిడ నాకు వదినే పిల్లా" అనుకునేదాన్ని. ఒకటే ధైర్యం. ఎన్ని కొరమీనులు తెచ్చినా, కష్టమొచ్చిన రోజున వదిన నా చేతి పప్పే అడుగుతుంది.

కిందటేడు వానలు వెనకబట్టాక, ఒక ఆదివారం పొద్దున వదిన వాళ్ళమ్మగారు పోయారు. ఎనభై దాటిన మనిషి, పదేళ్ళుగా కూతురి దగ్గరే ఉండేది. ప్రార్థన చేసుకుంటూ కుర్చీలోనే తల వాల్చేసింది. మంచి చావని అందరూ అన్నారు. మర్నాడు ఫాదర్ గారొచ్చి ప్రార్థన చేశాక సమాధుల తోటకి తీసుకెళ్ళారు. నేనూ మా ఆయనా వెనకే నడిచాం. వదిన చెయ్యి పట్టుకుందామని చూస్తే, అప్పటికే ఒక పక్క హైదరాబాదు నుంచి వచ్చిన కూతురు, ఇంకో పక్క ఆ పైవాటా అమ్మాయి పట్టుకుని నడిపిస్తున్నారు.

వదిన ఇంట్లో చావు జరగడం అదే మొదలు. అత్తమామలు పోయినప్పుడు అంతా వాళ్ళ ఊళ్ళోనే జరిగింది. చావు జరిగిన ఇంట్లో ఎలా మసులుకోవాలో నాకు మా అమ్మ చిన్నప్పుడే నూరిపోసింది. పొయ్యి వెలిగించరు, పక్కవాళ్ళే వండి పెట్టాలి. ఆ వంటలో పసుపు వెయ్యకూడదు, పోపు పెట్టకూడదు. పోపు శుభానికి. ఆ ఇంట్లో మనం మంచినీళ్ళు కూడా ముట్టకూడదు. వచ్చేటప్పుడు "వెళ్ళొస్తాను" అనకూడదు, చెప్పకుండా లేచి వచ్చెయ్యాలి. ఇంట్లో అడుగుపెట్టే ముందు కట్టుబట్టలతో తలారా నీళ్ళు పోసుకోవాలి. పరామర్శకి మంగళవారం, శుక్రవారం పోకూడదు. దేవుడెవరైనా చావు చావేగా, మర్యాద మర్యాదేగా అనుకున్నాను. నాకు తెలిసినంత పద్ధతిగా ఈ బజారులో ఇంకెవరికి తెలుసని కాస్త గర్వం కూడా. అబద్ధమెందుకు, కాస్త కాదు.

సమాధుల తోట నుంచి రాగానే దొడ్లో కుళాయి కింద నీళ్ళు పోసుకుని, తడి చీర మార్చుకుని, చుక్కకూర పప్పు పొయ్యి మీద పెట్టాను. పసుపు డబ్బా మీదికి అలవాటుగా వెళ్ళిన చేతిని వెనక్కి తీసుకున్నాను. పోపు పెట్టలేదు. వెలవెలబోతూ, పాలిపోయినట్టు ఉంది పప్పు. చూడ్డానికి నాకే బాగా లేదు, కానీ ఇది వదిన తల్లికి నేనిచ్చే గౌరవం అనుకున్నాను. పట్టుకెళ్ళి వడ్డించాను. వదిన కంచం వంక చూసింది. రెండు ముద్దలు తిని చెయ్యి కడిగేసుకుంది.

"తినలేకపోతున్నా వదినా" అంది.

"పరవాలేదులే, తర్వాత తిను" అని కాసేపు కూర్చున్నాను. కూతురు టీ తెస్తే వద్దన్నాను. తర్వాత పద్ధతి ప్రకారం ఏమీ చెప్పకుండా లేచి వచ్చేసి, మళ్ళీ నీళ్ళు పోసుకున్నాను. తల్లిని సాగనంపిన రోజు ఎవరు మాత్రం తినగలరు అని సర్దిచెప్పుకున్నాను.

మర్నాడు మంగళవారం. వెళ్ళకూడదు. మా వంటింట్లో నుంచుని అవతలి గుమ్మం వంక చూస్తున్నాను. మధ్యాహ్నానికి పైనుంచి దిగింది ఆ వాసన. చుక్కకూర పులుపు వాసన, దాని మీద వెల్లుల్లి పోపు. ముందు నాకు అనుమానమేమీ రాలేదు, వాళ్ళింట్లో వండుకుంటున్నారు కాబోలు అనుకున్నాను. తర్వాత మెట్ల మీద గాజుల చప్పుడు. గిన్నె పైటచెంగుతో పట్టుకుని ఆ అమ్మాయి నేరుగా వదిన వాటాలోకి వెళ్ళిపోయింది. మంగళవారం అయినా సరే! అది హిందువుల పిల్లే. వాళ్ళ కొల్లేట్లో మంగళవారాలు ఉండవు కాబోలు.

నడవలోకి వచ్చి తలుపు సందులోంచి చూశాను. సిగ్గులేకుండా చూశాను, చెప్పకేం. వదిన చాప మీద కూర్చుని ఉంది. పక్కనే ఆ అమ్మాయి. వదిన తింటోంది. మొన్నటి నుంచీ మంచినీళ్ళు దిగని మనిషి వేలితో గిన్నె అంచు తుడుచుకుని మరీ తింటోంది. వెల్లుల్లి రెబ్బలు ఏరుకుంటోంది.

"నిన్న మీరు అడిగినట్టే వేశానమ్మా వెల్లుల్లి, సరిపోయిందాండీ?" అంది ఆ అమ్మాయి.

అడిగినట్టే. అంటే వదిన అడిగింది! నా పప్పుని, నా చేతి పప్పుని, ఆ పిల్లని అడిగి చేయించుకుంది. నా ఒళ్ళు భగ్గున మండిపోయింది. ఆ అమ్మాయి లేచి, "వెళ్ళొస్తానమ్మా, సాయంత్రం మళ్ళీ వస్తా" అంటూ వచ్చింది. చావింట్లోంచి వెళ్ళొస్తాననడం! నన్ను నడవలో చూసి, "ఏంటాంటీగారూ, లోపలికి రారా?" అంది. రానన్నట్టు తలూపి మా ఇంట్లోకి వచ్చి తలుపేసుకుని ఏడ్చాను.

"ఎందుకే ఏడుస్తున్నావు?" అన్నారు మా ఆయన పేపరు మడుస్తూ.

"ఆవిడ ఆ పిల్ల చేసిన పప్పు తింది."

ఆయన పేపరు పక్కన పడేసి, "ఆవిడ తల్లి పోయి ఏడుస్తోంది, నువ్వు పప్పు గురించి ఏడుస్తున్నావు. నీకు బుద్ధుందా?" అన్నారు.

లేదు. ఆ వారం నాకు బుద్ధి లేదు. బుధవారం తెల్లారకుండానే రైతుబజారుకి పరిగెత్తి నాలుగు కట్టలు ఏరి తెచ్చాను. ముదురు ఆకు ఒక్కటి ఉండకూడదని ఒక్కో రెమ్మా చూసి వలిచాను. పప్పు ఎంత బాగా ఉడికిందంటే గుత్తి పెట్టకుండానే కరిగిపోయింది. పోపు మాత్రం పెట్టలేదు. పెడదామా అని పోపులపెట్టె మూత తీశాను. ఆ పిల్లతో పోటీకి చావింటి మర్యాద తప్పుతానా అని మానుకున్నాను. వదిన, "అక్కడ పెట్టు" అంది. పెట్టాను. కూర్చున్నాను. వచ్చేశాను. నీళ్ళు పోసుకున్నాను. గురువారం వెళితే నా గిన్నె పెట్టినచోటే ఉంది, మూత కూడా తీయలేదు. పక్కన పైవాటా గిన్నె ఖాళీ అయి, కడిగి బోర్లించి ఉంది. ఆ బోర్లించిన గిన్నె నన్ను ఎంత మాటన్నదో నాకే తెలుసు. శుక్రవారం వెళ్ళకూడదు కాబట్టి రోజంతా ఇంట్లో గిన్నెలు గట్టిగా పెట్టుకుంటూ తిరిగాను. మా ఆయన భోజనం కూడా భయపడుతూ చేశారు.

శనివారం పొద్దున ఆగలేకపోయాను. వదిన వాళ్ళింటికి వెళ్ళేసరికి కూతురు స్నానానికి వెళ్ళింది. అన్నయ్యగారు బయటికెళ్ళారు. వదిన మంచం మీద కూర్చుని తల్లి చీరలు మడత పెడుతోంది. నేను కూర్చోలేదు. నుంచునే అడిగేశాను.

"నా పప్పుకి ఏం వచ్చింది వదినా? ముప్పై ఏళ్ళు తిన్నావు. ఇప్పుడు ఆ పిల్ల చేతి వంట రుచయ్యిందా?"

వదిన తలెత్తి చూసింది. కోపం కనపడలేదు. అది ఇంకా బాధేసింది.

"రుచి కోసం తినలా" అంది.

"మరి? నా గిన్నె మూతైనా తీయలేదు. నీకోసం పద్ధతిగా, మీ అమ్మగారి మీద గౌరవంతో, పసుపు లేకుండా పోపు లేకుండా..."

"అదేంటి, పోపు ఎందుకు పెట్టలా?" అంది. నిజంగానే తెలియక అడిగింది.

చెప్పాను. చావింటి వంటలో పోపు పెట్టరని, మా అమ్మ చెప్పిందని. వదిన వింటూ వింటూ చీర ఒళ్ళో వదిలేసింది.

"మాకట్టాంటివి లేవు వదినా. ముప్పై ఏళ్ళ నుంచి ఎదురుగా ఉన్నావుగా, నన్నొక్క మాట అడగొచ్చుగా. ఆ పిల్ల వచ్చి, అమ్మా మీ ఇళ్ళల్లో ఇట్టాంటప్పుడు ఏం తింటారండీ అని అడిగింది. నాకేది తినాలనుందో చెప్పా. నువ్వు అసలు అడగనే లేదు. నువ్వు పెట్టిన పప్పు చూస్తే ఏమనిపించిందో తెలుసా? ఇష్టం లేకుండా, మొక్కుబడికి ఉడకేసి తెచ్చిందనిపించింది."

అయినా నా నోరు ఊరుకుంటుందా! "నేను నీకు మొక్కుబడికి వండుతానా? అంత మాట ఎట్టా అనుకున్నావు?" అన్నాను.

"పప్పొక్కటే అయితే అనుకోను." వదిన కిటికీ వైపు చూపించింది. వాళ్ళ వంటింటి కిటికీ. అక్కణ్ణించి దొడ్డి అంతా కనపడుతుంది. "మా ఇంట్లోంచి వెళ్ళిన ప్రతిసారీ ఆ కుళాయి కింద కూర్చుని తల మీద నీళ్ళు పోసుకున్నావు. సోమవారం రెండుసార్లు. బుధవారం. గురువారం. నేను ఆ కిటికీలోంచి చూస్తానే ఉన్నా."

"అది మైల వదినా! చావుకి పోసుకున్నా, మీకు కాదు."

"ఆ చావు మా అమ్మదేగా" అంది వదిన.

అప్పుడు నేను కూర్చున్నాను.

"నాకు తెలీదా మైలని? నర్సుని, ఎన్ని చావులు చూశా, ఎంతమంది మీవాళ్ళని చూశా. తెలుసు. తెలిసినా తట్టుకోలేకపోయా. మా అమ్మ చిన్నప్పుడు దివిసీమలో ఒక పెద్దోళ్ళింటికి కూలికి వెళ్ళేది. దాహమంటే ఆ ఇంటావిడ పైనుంచి దోసిట్లోకి నీళ్ళు పోసేదంట. అమ్మ వచ్చేశాక కూర్చున్న అరుగు కడిగించేదంట. అమ్మ వెనక్కి తిరిగి చూసేది కాదంట, చూస్తే ఏడుపొస్తుందని. పదేళ్ళు ఇక్కడుంది కదా, నిన్నెప్పుడైనా నువ్వు అనిందా? కూతురి వయసు దానివి, పంతులమ్మగారూ అనే అనేది. ఎందుకో ఎప్పుడైనా అడిగావా?"

అడగలేదు. గౌరవం అనుకున్నాను. ఉపాధ్యాయురాలినని గౌరవం అనుకుని సంబరపడ్డాను.

"మా ఇంట్లో బిర్యానీ తిన్నావు, క్రిస్మస్‌కి కేకు తిన్నావు, నా కంచంలో చెయ్యి పెట్టి తిన్నావు. ఎప్పుడూ నీళ్ళు పోసుకోలా. అమ్మ పోయిందో లేదో టీ కూడా ముట్టలా. చెప్పకుండా లేచిపోయావు. ఒక రోజు వస్తే ఒక రోజు రాలా. ఆ పిల్ల నా పక్కన కూర్చుని అదే గిన్నెలోంచి తింది. అందుకని తిన్నా. పప్పు బాగుందో లేదో కూడా నాకు తెలీదు."

వదిన ఏడవలేదు. నేను ఏడ్చాను. ఈసారి పప్పు గురించి కాదు. ఆ ఏడుపులో కూడా ఒక మూల నా బుర్ర దేని చుట్టూ తిరుగుతోందో చెబితే నన్ను చీదరించుకుంటారు. "పప్పు బాగుందో లేదో తెలీదు" అన్న మాట పట్టుకుని, అయితే ఆ పిల్లది నా పప్పుకన్నా బాగున్నట్టు కాదు కదా అని ఆలోచిస్తోంది. అదీ నేను.

"తప్పయింది వదినా" అన్నాను. ముప్పై ఏళ్ళలో ఆ మాట నేను ఎవరికీ, మా ఆయనకి కూడా చెప్పినట్టు గుర్తులేదు. "రేపు చర్చిలో ఏడో రోజు పూజ ఉందిగా. భోజనాలు మీ ఇంట్లోనేగా. నేను చేస్తాను పప్పు. పసుపు వేసి, పోపు పెట్టి, ఎంతమందికైనా సరే. ఒక్క అవకాశం ఇవ్వు."

వదిన మళ్ళీ చీర చేతిలోకి తీసుకుని అంచులు కలిపింది.

"పై అమ్మాయికి చెప్పేశా. తనే చేస్తోంది."

నేను అడుగుతానని తెలిసి కూడా చెప్పేసిందా, లేక అప్పటికే నన్ను తీసేసిందా? "అయితే నేనేం చెయ్యను?" అన్నాను.

"నువ్వు తిను."

"ఏంటి?"

"వచ్చి కూర్చుని తిను. మా చుట్టాలందరూ ఉంటారు, మా అమ్మ తరఫు వాళ్ళంతా వస్తారు. వాళ్ళ మధ్యలో కూర్చుని తిను. వండడం నీకు బాగా వచ్చు వదినా. అది ఎప్పుడైనా చెయ్యొచ్చు."

ఆదివారం పూజ అయ్యాక మేడమీద టెంటు కింద బంతి వేశారు. మా ఆయనకి ముందే చెప్పాను, భోజనం అక్కడేనని. ఆయన "మంచిది" అన్నారంతే. వదిన వాళ్ళ పిన్ని పక్కన నాకు చోటు చూపించారు. ఆవిడకి వదిన తల్లి పోలికలు ఉన్నాయి, అదే చిన్న మొహం. నేను కూర్చోగానే ఆవిడ కాస్త పక్కకి జరిగింది, చోటివ్వడానికో, అలవాటుకో నాకు తెలియలేదు. నేనూ ఆవిడవైపు జరిగాను. మా చేతులు రాసుకున్నాయి.

పైవాటా అమ్మాయి పప్పు వడ్డిస్తూ వరసలో వచ్చింది. నా విస్తరి దగ్గర ఆగింది. పప్పు చూశాను. చక్కటి పసుపు రంగు, పైన ఎర్రగా వేగిన వెల్లుల్లి. ముందు లోపాలు వెతికాను. మినప్పప్పు కాస్త ఎక్కువ వేగింది. కాడలు పారేసింది, నేనైతే ఉంచేదాన్ని. ఇంగువ తక్కువ. తర్వాత ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాను. బాగుంది. నా ఖర్మ, చాలా బాగుంది. నా పప్పులో లేనిదేదో ఉంది అందులో, అదేమిటో నాకు అంతు చిక్కలేదు, ఆ పిల్లని అడగడానికి నా నోరు రాదు.

"ఉప్పు సరిపోయిందాండీ ఆంటీగారూ?" అంది ఆ అమ్మాయి.

వరస చివర నుంచుని వదిన చూస్తోంది. పిన్నిగారూ తినడం ఆపి నా మొహం వంకే చూస్తోంది.

"సరిపోయిందమ్మా" అన్నాను. "ఇంకొంచెం వెయ్యి."